చివరి మడికి నీరు

పిల్లలూ! మస్కట్ నుండి నిజ్వా వెళ్ళే దారిలో బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరు వస్తుంది. కొండ పాదాన ఖర్జూరపు తోటలు, వాటి నడుమ పారే సన్నని నీటికాలువ కనిపిస్తాయి. ఇటువంటి కాలువను ఒమాన్‌లో ఫలజ్ అంటారు. ఈ ఊరి ఫలజ్ పేరు అల్ ఖత్మైన్. 2006వ సంవత్సరంలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన అయిదు ఒమాన్ ఫలజ్‌లలో ఇది ఒకటి.

ఫలజ్‌కు మోటారు లేదు. కొండ అడుగున ఊరిన నీరు వాలును బట్టి తనంత తానే ఊరిలోకి పారి వస్తుంది. మొదట తాగడానికి, తరువాత మసీదుకు, స్నానాలకు, ఆ తరువాత తోటలకు అందుతుంది. 'నీరు పల్లమెరుగు' అన్న సామెత మీకు తెలుసు కదా! నీటికి పల్లమైతే తెలుసు గాని, ఎవరి మడి ఎండిపోయిందో తెలియదు. అది చూడడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఇక్కడ అరీఫ్ అంటారు. పూర్వం అతడు పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి వంతులు లెక్కగట్టేవాడు. మన తెలంగాణ చెరువుల కింద ఈ పని చేసేవాడిని నీరటి అంటారు. రాయలసీమలో నీరుగంటి అంటారు. చెరువు నిండా నీరున్నా, నీరటి సరిగా చూడకపోతే చివరి మడి ఎండిపోతుంది.

ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే ఉద్యోగం కూడా అటువంటిదే. ఆ ఉద్యోగం చేసేవారిని సమాజసేవా సహాయకులు అంటారు.

సహాయకులు ఏమి చేస్తారు?

ఒక ఊరిలో ఆసుపత్రి ఉన్నది, బడి ఉన్నది, వృద్ధులకు పింఛను ఇచ్చే ప్రభుత్వం ఉన్నది. ఇవన్నీ చెరువులోని నీటివంటివి. కాని ఆ ఊరిలోనే ఒక ముసలి తాతకు మధుమేహం. కాలికి పుండు పడింది. ఆసుపత్రి రెండు మైళ్ళ దూరంలోనే ఉన్నా ఆయన వెళ్ళలేదు. బస్సు ఎక్కలేడు, చీటీ చదవలేడు, చిన్న పుండే కదా అనుకున్నాడు. ఆయనకూ ఆసుపత్రికీ మధ్య ఎవరో ఒకరు నిలబడాలి. ఇంటికి వచ్చి చూడాలి. ఎక్కడికి వెళ్ళాలో చెప్పాలి. అవసరమైతే వెంట వెళ్ళాలి. వారం తరువాత మళ్ళీ వచ్చి మందు వేసుకున్నాడా లేదా అడగాలి. అదే సహాయకుల పని. వారు డాక్టర్లు కారు, అధికారులు కారు. ఆ ఇద్దరి సేవలను ఇంటి గడపదాకా తెచ్చేవారు.

మన దేశంలో 1975వ సంవత్సరం అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. దానితో అంగన్‌వాడీ కార్యకర్తలు వచ్చారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. మీ అమ్మమ్మగారి ఊరికి వెళ్ళినప్పుడు వీరిని చూసే ఉంటారు. పసిబిడ్డను తూకం వేసేది, టీకా రోజు గుర్తు చేసేది, గర్భిణిని కాన్పుకు ఆసుపత్రికి తీసుకువెళ్ళేది వీరే.

ఒమాన్ చెప్పే పాఠం

మనం ఉంటున్న ఈ దేశపు కథ కూడా వినదగినదే. 1970 నాటికి ఒమాన్ మొత్తంలో ఉన్న బడులు మూడే. తారురోడ్డు దాదాపు 10 కిలోమీటర్లు మాత్రమే. అప్పట్లో పుట్టిన ప్రతి అయిదుగురు పిల్లలలో దాదాపు ఒకరు అయిదవ పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారు. ఆ సంవత్సరం జులైలో సుల్తాన్ ఖాబూస్ పాలనకు వచ్చిన తరువాత రోడ్లు, బడులు, ఆరోగ్యకేంద్రాలు వేగంగా వెలిశాయి. 2000వ సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల ఆరోగ్య వ్యవస్థలను పోల్చి చూసినప్పుడు ఒమాన్ 8వ స్థానంలో నిలిచింది.

కట్టడాలు, మందులు, టీకాలు ఈ మార్పుకు ముఖ్య కారణాలు. అయితే కొండల మధ్య ఉన్న గ్రామంలోని తల్లికి ఆ టీకా సంగతి ఎవరు చెప్పాలి? పట్నం నుండి వచ్చిన అధికారి చెబితే ఆమె తల ఊపి ఊరుకోవచ్చు. పక్కింటి స్త్రీ చెబితే కూర్చుని వింటుంది, తిరిగి ప్రశ్న వేస్తుంది. అందుకే 1990లలో ఒమాన్ ఆరోగ్యశాఖ గ్రామాలలోని స్త్రీలనే స్వచ్ఛంద సేవకులుగా తీసుకుని బృందాలను ఏర్పరచింది. తల్లిపాలు, టీకాలు, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం, ఇటువంటి విషయాలు వారికి నేర్పి, ఇరుగుపొరుగు ఇళ్ళకు పంపింది. వికలాంగులైన పిల్లల కోసం పలు విలాయత్‌లలో అల్ వఫా కేంద్రాలు వెలిశాయి. వీటిలోనూ స్థానిక స్త్రీలు ముందుకు వచ్చి పనిచేశారు. ఒమాన్‌లో ప్రతి సంవత్సరం అక్టోబరు 17న జరిపే మహిళా దినోత్సవం నాడు ఇటువంటివారి సేవలను కూడా తలచుకోవలసి ఉన్నది.

మంచి మనసు చాలదా?

"సాయం చేయడానికి శిక్షణ ఎందుకు? మంచి మనసు ఉంటే చాలదా?" అని మీరు అడగవచ్చు. మంచి మనసు తప్పక ఉండాలి. కాని అది ఒక్కటే చాలదు. ఈ మూడు సందర్భాలు చూడండి.

ఒక అవ్వకు పక్షవాతం వచ్చి కుడిచేయి బలహీనపడింది. ఆమెను చూసుకునే అమ్మాయి ఎంతో ప్రేమగా రోజూ అన్నం కలిపి నోటికి అందించేది. నెలలు గడిచే కొద్దీ, కొద్దిగా కదిలే ఆ చేయి కూడా కదలడం మరచిపోయింది. శిక్షణ పొందిన సహాయకురాలు అయితే ఏమి చేస్తుంది? చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తుంది. దానిని అవ్వ చేతిలో పెడుతుంది. సగం అన్నం కింద పడినా చిరాకు పడకుండా పక్కన కూర్చుంటుంది. తినిపిస్తే పది నిమిషాలలో అయ్యే భోజనానికి అప్పుడు నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు ఓపిక పట్టడమే అక్కడ అసలు పని.

రెండవది. మత్రా వీధిలో ఒక అంధుడు రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాడు. ఒక యువకుడు పరుగున వచ్చి ఆయన చేయి పట్టుకుని లాక్కుంటూ రోడ్డు దాటించాడు. ఆయన గుండె దడదడలాడింది. తనను పట్టుకున్నది ఎవరో, ఎక్కడికి తీసుకువెళుతున్నారో ఆయనకు తెలియదు కదా! నేర్చుకున్నవారు ముందు తమ పేరు చెప్పి, "సాయం కావాలాండీ?" అని అడుగుతారు. సరే అంటే తమ మోచేతిని ఆయనకు అందిస్తారు. ఆయన దానిని పట్టుకుని అరడుగు వెనుకగా నడుస్తాడు. మెట్టు వస్తే ముందుగానే చెబుతారు.

మూడవది. జీతం అందని ఒక కార్మికుడు కన్నీరు పెట్టుకున్నాడు. అది చూసి జాలిపడిన ఒకాయన "దిగులు పడకు, రేపే ఇప్పిస్తాను" అన్నాడు. రేపు వచ్చింది, జీతం రాలేదు. ఆ కార్మికుడు ఇక ఎవరి మాటనూ నమ్మలేదు. నేర్చుకున్నవారు తాము చేయలేనిదానికి మాట ఇవ్వరు. "ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో నాకు తెలుసు. కాగితాలు సిద్ధం చేయడానికి సాయపడతాను. గురువారం సాయంత్రం మళ్ళీ వస్తాను" అంటారు. గురువారం సాయంత్రం తప్పక వస్తారు.

ఈ మూడింటిలోనూ సాయం చేసినవారి మనసు మంచిదే. లోపించినది నేర్పు. ఎదుటివారు తమంతట తాము చేయగలిగినదానిని వారిచేతనే చేయించడం, చేయలేనిదానికి మాత్రమే చేయి అందించడం ఈ శిక్షణకు మూలసూత్రం.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

మొదటిది వినడం. ఇది తేలిక అనిపిస్తుంది, కాని కష్టం. ఎదుటివారు చెబుతుండగానే మనం జవాబు వెతుక్కుంటాము. శిక్షణలో ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. ఒకరు అయిదు నిమిషాలు మాట్లాడాలి. రెండవవారు మధ్యలో అడ్డు రాకుండా విని, విన్నది తిరిగి చెప్పాలి. చాలామంది మొదటిసారి సగమే చెప్పగలుగుతారు.

రెండవది చూసినది చూసినట్లు రాయడం. "ఆమె కోపిష్టి" అని రాస్తే అది మన అభిప్రాయం. "ఆమె తలుపు గట్టిగా వేసింది. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేదు" అని రాస్తే అది మనం చూసినది. ఆమె కోపంతో కాదు, పంటినొప్పితో మాట్లాడలేకపోయి ఉండవచ్చు. ఆ కాగితాన్ని రేపు మరొకరు చదువుతారు. మన అభిప్రాయం ఆమె మీద ముద్రగా మిగలకూడదు.

మూడవది గుట్టు కాపాడడం. సహాయకులు పది ఇళ్ళలోకి వెళతారు. ఒక ఇంటి సంగతి మరొక ఇంటిలో చెప్పకూడదు. అయితే దీనికి ఒక మినహాయింపు ఉన్నది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నా, ఒక పిల్లనో పిల్లవాడినో ఎవరైనా హింసిస్తున్నా, ఆ సంగతి దాచకూడదు. పై అధికారికి వెంటనే చెప్పాలి. ఈ సంగతి మొదటిరోజే ఆ కుటుంబానికి చెప్పి ఉంచాలి.

నాలుగవది చేతిపనులు. ప్రథమ చికిత్స, చేతులు శుభ్రంగా కడుక్కొనే విధానం, మంచం పట్టినవారిని నడుము పట్టేయకుండా లేవదీయడం, ఒకే వైపు పడుకోవడంవల్ల పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం మొదలైనవి. వీటిని ఇతరులకు నేర్పే పద్ధతి కూడా నేర్చుకోవాలి. విరేచనాలవుతున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకనప్పుడు ఇంటిలోనే ద్రవం కలపవచ్చు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలపాలి. చెంచా గుట్టగా కాక సమంగా ఉండాలి. ఇది తల్లికి నోటితో చెప్పి "తెలిసిందా?" అంటే ఆమె "తెలిసింది" అంటుంది. అది చాలదు. చెంచా ఆమె చేతికి ఇచ్చి, ఆమెచేతనే కలిపించి చూడాలి. ఉప్పు ఎక్కువయితే బిడ్డకు ప్రమాదం కనుక ఇక్కడ మొగమాటం పనికిరాదు.

అయిదవది ఏ సేవ ఎక్కడ దొరుకుతుందో తెలిసి ఉండడం. ఒమాన్‌లో సాంఘిక అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఉన్నది. సాంఘిక రక్షణ నిధి కూడా ఉన్నది. భారతీయులకు మస్కట్‌లో భారత రాయబార కార్యాలయం ఉన్నది. కష్టంలో ఉన్న ప్రవాసులను ఆదుకోవడానికి భారత ప్రభుత్వం 2009లో ఒక సంక్షేమ నిధిని నెలకొల్పింది. ఎవరికి ఏది వర్తిస్తుందో, ఏ కాగితం కావాలో తెలియకపోతే అవసరంలో ఉన్న మనిషి ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తిరుగుతూనే ఉంటాడు.

ఇవన్నీ ఒక్కసారిగా నేర్పరు. ఆశా కార్యకర్తలకు మొదటి సంవత్సరంలో ఇచ్చే 23 రోజుల శిక్షణను అయిదు విడతలుగా విభజించారు. కొంత నేర్చుకోవాలి, ఊరిలోకి వెళ్ళి పనిచేయాలి, వచ్చిన సందేహాలతో తిరిగి రావాలి. ఈత పుస్తకం చదివితే రాదు, ఒడ్డున గురువు ఉండగా నీటిలో దిగితేనే వస్తుంది. ఈ విద్య కూడా అటువంటిదే.

మీ తెలుగు తరగతి కూడా శిక్షణే

ఒమాన్‌లో ఉంటున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరు ఇతర దేశాలవారు. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి వచ్చిన స్త్రీలు, నిజామాబాదు, కరీంనగరు వైపు నుండి కట్టడపు పనులకు వచ్చిన పురుషులు వారిలో ఉన్నారు. వారిలో కొందరికి అరబ్బీ గాని ఇంగ్లీషు గాని అంతంతమాత్రమే వస్తుంది. ఒంటిలో బాగున్నంతకాలం పదిమాటలతో పని జరిగిపోతుంది. జబ్బు చేసిన రోజున ఆ పదిమాటలు చాలవు.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? కురుపు సలుపుతుంది. తల పోటు పెడుతుంది. కాళ్ళు పీకుతాయి. నడుము పట్టేస్తుంది. ఒళ్ళు తీపులు తీస్తుంది. గుండెలో మంటగా ఉంటుంది. ఒక్కొక్క మాట ఒక్కొక్క రకం బాధను చూపుతుంది. డాక్టరుకు ఆ తేడా చాలా అవసరం. ఒక స్త్రీ "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నదనుకోండి. దానిని మాటకు మాటగా ఇంగ్లీషులోకి మారిస్తే డాక్టరు ఆమె కళ్ళను పరీక్షిస్తారు. ఆమెకు వచ్చినది కంటిజబ్బు కాదు, తలతిరుగుడు. "కడుపులో తిప్పుతున్నది" అంటే వాంతి వచ్చేటట్లున్నదని అర్థం. ఈ మాటల లోతు తెలిసినవారు పక్కన ఉంటే రోగం త్వరగా తెలుస్తుంది.

కనుక రెండు మూడు భాషలు చక్కగా వచ్చిన సహాయకులకు ఇక్కడ ఎంతో విలువ ఉన్నది. వారు పాటించవలసిన నియమం ఒకటి ఉన్నది. రోగి చెప్పినదానికి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు. ఇంటిలో అమ్మతో మాట్లాడుతూ, ఈ తరగతిలో చదువుతూ మీరు నేర్చుకొనే తెలుగు రేపు ఎవరి బాధనైనా డాక్టరుకు సరిగా చేరవేయవచ్చు.

దారి చూపిన తెలుగు మహిళ

సేవకు శిక్షణ అవసరమని గట్టిగా నమ్మిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె 1909 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె అక్కడి ఖాదీ ప్రదర్శనలో స్వచ్ఛంద సేవకురాలు. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు. పద్నాలుగేళ్ళ ఆ బాలిక ఆయననూ ఆపింది. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చిన తరువాతనే లోపలికి పంపింది. నెహ్రూ ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు.

తరువాత ఆమె మద్రాసులో, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివించడం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నమే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదిద్దుకున్నది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. గ్రామాలలో సేవకేంద్రాలు తెరవవచ్చు గాని, వాటిలో పనిచేయడానికి చదువుకున్న స్థానిక స్త్రీలు దొరకడం లేదు. పట్నంవారు పల్లెలలో నిలవడం లేదు. అందుకని 1958లో మండలి సంక్షిప్త విద్యాకోర్సులను ప్రారంభించింది. బడి మానిన స్త్రీలు కొద్దికాలంలోనే పరీక్షలకు చదివి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా శిక్షణ పొందడానికి వీలు కలిగింది. సాయం పొందవలసినవారినే సాయం చేయగలవారిగా తీర్చిదిద్దడం ఆమె ఆలోచనలోని గొప్పతనం. దుర్గాబాయి 1981లో మరణించారు. ఆంధ్ర మహిళా సభ నేటికీ పనిచేస్తున్నది.

చదువు, జీతం

ఈ రంగంలోకి రావాలంటే అనేక మెట్లున్నాయి. కొన్ని నెలల సర్టిఫికెట్టు శిక్షణతో సహాయకులుగా చేరవచ్చు. పై చదువు కావాలంటే సోషల్ వర్క్‌లో డిగ్రీ, ఆపైన ఎం.ఎస్.డబ్ల్యు. ఉన్నాయి. మన దేశంలో ఈ విద్యకు తొలి సంస్థ 1936లో బొంబాయిలో స్థాపించారు. దానినే ఇప్పుడు టాటా సాంఘిక శాస్త్రాల సంస్థ అంటున్నాము. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఈ శాఖ ఉన్నది. బుద్ధిమాంద్యం గల పిల్లలకు బోధించే శిక్షణ కోసం సికింద్రాబాదులో 1984లో ఒక జాతీయ సంస్థ వెలసింది. ఒమాన్‌లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయంలో సామాజిక సేవాశాస్త్రం బోధిస్తున్నారు.

ఈ ఉద్యోగంలో కష్టం లేదని చెబితే అది అబద్ధం. పని ఎక్కువ, జీతం చాలాచోట్ల తక్కువ. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు వేతనాలు పెంచాలని సమ్మెకు దిగి, 42 రోజులు నడిపారు. సేవ చేసేవారికి కూడా ఇల్లు గడవాలి. వారి పనిని పొగిడినంత మాత్రాన వారి కడుపు నిండదని పెద్దయిన తరువాత మీరు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మీరు ఏమి చేయవచ్చు?

మీ వయసులో పెద్ద బాధ్యతలు నెత్తిన వేసుకోనక్కరలేదు. సాయం చేసే ముందు అడగడం నేర్చుకోండి. ఒకరి సంగతి మరొకరికి చెప్పకండి. ఇచ్చిన మాటకు వేళకు నిలబడండి. తరగతిలో ఒక తోటి విద్యార్థి కొన్నాళ్ళుగా మౌనంగా ఉంటే, వెక్కిరించక పక్కన కూర్చోండి. మీకో, మీ స్నేహితులకో ఎవరైనా హాని చేస్తుంటే అది దాచవలసిన గుట్టు కాదు. అమ్మానాన్నలకు గాని ఉపాధ్యాయులకు గాని వెంటనే చెప్పండి. ఒమాన్‌లో 2014 నుండి బాలల చట్టం అమలులో ఉన్నది. పిల్లల రక్షణ కోసం 1100 అనే ఫోను నంబరు కూడా ఉన్నది.

ఈసారి నిజ్వా వైపు వెళ్ళినప్పుడు ఫలజ్ గట్టున కొంచెంసేపు నిలబడండి. నీరు ఎక్కడ పుడుతున్నదో చూసేవారు చాలామంది ఉంటారు. మీరు మాత్రం గట్టు వెంట నడిచి, అది చివరి చెట్టుదాకా చేరుతున్నదో లేదో చూసి రండి.

కొత్త మాటలు

ఫలజ్ : ఒమాన్‌లోని సంప్రదాయ నీటికాలువ
అరీఫ్ : ఫలజ్ నీటి వంతులు చూసేవాడు
నీరటి, నీరుగంటి : చెరువు నీటిని మడులకు పంచేవాడు
విలాయత్ : ఒమాన్‌లో పాలనా విభాగం
కర్తవ్యనిష్ఠ : చేయవలసిన పనిపట్ల పట్టుదల

ప్రశ్నలు

1. సహాయకుల పనిని నీరటి పనితో ఎందుకు పోల్చారు?
2. అవ్వకు అన్నం తినిపించడంలో జరిగిన పొరపాటు ఏమిటి? మీరైతే ఏమి చేస్తారు?
3. "అతడు సోమరి" అన్న వాక్యాన్ని చూసినది చూసినట్లుగా మార్చి రాయండి.
4. గుట్టు కాపాడకూడని సందర్భం ఏది? ఎందుకు?
5. ఇంటిలో పెద్దలను అడిగి, నొప్పిని, నలతను తెలిపే తెలుగు మాటలు పది సేకరించండి. ఒక్కొక్కటి ఎటువంటి బాధను తెలుపుతుందో రాయండి.